అక్క ఫైల్లో లేని పేజీ

పోయిన సంచికలో యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద వచ్చిన వ్యాసం చదివాక నాకు రెండు రోజులు అదే ధ్యాస. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి అమెరికా వెళ్లి, లెడర్లీ కంపెనీలో తన బృందంతో అమినాప్టెరిన్ అనే మందు తయారుచేయించడం, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూడటం, 1948లో ఆ ఫలితాలు అచ్చవడం. పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ జబ్బు అంటే కొన్ని వారాలో నెలలో, అంతే. ఆ మందుకు దగ్గర చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. మన తెలుగువాడు అని గర్వపడి నేను కూడా చప్పట్లు కొట్టినదాన్నే. కానీ ఆ మెథోట్రెక్సేట్ మా ఇంట్లో ఒకరి ఒంట్లోకి రెండేళ్లకు పైగా వెళ్లింది. ఆ పిల్ల బతికింది. బతికాక ఏమైందో ఎవరూ రాయడం లేదని నేను రాస్తున్నాను.

మా పెద్దమ్మ కూతురు. పేరు రాయను. ఈ వ్యాసం తనకు చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టేయించింది, పేరు వద్దంది, మిగతాది నీ ఇష్టం రాసుకో అంది.

2006లో అక్కకు ఏడేళ్లు. హిందూపురంలో జ్వరం తగ్గక, కాళ్ల మీద ఊరికే నల్లటి మచ్చలు లేస్తుంటే బెంగళూరు తీసుకొచ్చారు. నేను పుట్టింది కూడా ఆ ఏడాదే. మా అమ్మ చెప్తుంది, ఒక గదిలో నా ఉయ్యాల, ఇంకో గదిలో అక్క మంచం, వంటింట్లో రెండింటికీ నీళ్లు కాగుతూ ఉండేవని. మా నాన్న కన్నడ, అమ్మ తెలుగు. ఆసుపత్రిలో కన్నడ మాట్లాడాలంటే నాన్న, రాత్రి పెద్దమ్మ ఏడిస్తే తెలుగులో ఊరుకోబెట్టాలంటే అమ్మ. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. అక్కడి డాక్టర్లు అక్కను బతికించారు, ఆ మాట ముందు చెప్పే మిగతాది చెప్తాను.

అక్క ఇప్పుడు ఇరవై ఆరేళ్ల మనిషి. బీకాం చదివింది, ఇక్కడే ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంది, పీజీలో ఉంటుంది, నా కంటే వేగంగా మెట్లెక్కుతుంది. పోయిన ఏడాది పెనుకొండ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పెద్దమ్మ ఏమీ దాచలేదు. చిన్నప్పుడు ఇట్లా జబ్బు చేసింది, బాగైంది అని తనే చెప్పింది. చాలామంది దాస్తారట, దాచమని సలహా ఇచ్చిన చుట్టాలూ ఉన్నారు. అబ్బాయి వాళ్ల అమ్మ అంతా విని, నింపాదిగా ఒకే ప్రశ్న వేసింది. "అయితే పిల్లలు పుడతారు కదా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. దాచిపెట్టి కాదు. తెలియక. పంతొమ్మిదేళ్లుగా ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగలేదు. సంబంధం ఎట్లాగూ పోయింది. రాత్రి అక్క నాతో అన్న మాట మాత్రం పోలేదు. "వాళ్లు లేచిపోయినందుకు బాధ లేదే. నా ఒంటి సంగతి నాకే తెలీదని నలుగురి ముందు తెలిసింది చూడు, అదీ."

తర్వాతి ఆదివారం ఫైలు దించాం. పెద్దమ్మ దాన్ని పాత చీర అంచుతో కట్టి, బియ్యం డబ్బా వెనక బీరువాలో దేవుడి పటంలా దాచింది. అందులో రక్త పరీక్షలున్నాయి, బిల్లులున్నాయి, ఏ రోజు ఏ మందు ఎంత అని చార్టు ఉంది, అప్పు పత్రం జిరాక్సు కూడా ఉంది. ఈ మందుల వల్ల రేపు పెద్దయ్యాక ఏం కావచ్చు, ఏ పరీక్షలు ఎప్పుడు చేయించుకోవాలి అనే పేజీ మాత్రం లేదు. నా వాదన అంతా ఆ పేజీ గురించే.

చార్టు పట్టుకుని ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాం. అనువాదం నా వంతు. డాక్టరు ఇంగ్లిషులో చెప్తుంటే నేను పెద్దమ్మకు తెలుగులో చెప్పాలి. రెండో ఏడాది బీఏ, తెలుగు ఐచ్ఛికం, అయినా మొదటి నిమిషంలోనే తడబడ్డాను. ఓవేరియన్ రిజర్వ్ అన్నారావిడ. నేను "అండాల నిల్వ" అన్నాను. పెద్దమ్మ నా వైపు అనుమానంగా చూసి, "నిల్వ ఏందే, అదేమన్నా ఊరగాయా?" అంది. డాక్టరుకు తెలుగు రాదు గానీ మేం ముగ్గురం నవ్వడం చూసి ఆవిడా నవ్వింది. నిజానికి ఊరగాయ పోలికే పెద్దమ్మకు బాగా ఎక్కింది. ఏడాదికి సరిపడా ఒకేసారి పెట్టేసుకుంటాం, మధ్యలో కొత్తగా పెట్టం, తీసేకొద్దీ తగ్గుతుంది. ఆడపిల్ల పుట్టేటప్పుడే పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా అండాలతో పుడుతుంది. పెద్దమనిషి అయ్యే నాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. కొత్తవి తయారు కావు.

కీమోలో కొన్ని మందులు ఆ జాడీలోంచి ఒకేసారి గరిటెలు గరిటెలు తీసేస్తాయి. సైక్లోఫాస్ఫమైడ్ లాంటివి ఆ కోవలోవి. ఎంత మోతాదు ఇచ్చారనేదాన్ని బట్టి నష్టం. పొత్తికడుపుకు రేడియేషన్ ఇస్తే అండాశయాలకే కాక గర్భసంచికీ దెబ్బ. అప్పుడు గర్భం నిలవడం, నెలలు నిండటం కష్టం కావచ్చు. బోన్‌మ్యారో మార్పిడికి ముందు ఇచ్చే పెద్ద మోతాదు మందులు, ఒళ్లంతటికీ ఇచ్చే రేడియేషన్ అన్నిటికంటే ప్రమాదం. కొందరికి నలభై రాకముందే నెలసరి ఆగిపోతుంది. కొందరికి నెలసరి సక్రమంగానే వస్తుంది గానీ జాడీ మిగతావాళ్ల కంటే ముందే ఖాళీ అవుతుంది. అంటే నెలనెలా వస్తోంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. పిల్లలు కావాలనుకుంటే కొంచెం ముందుగా ఆలోచించుకోవాలి, వద్దనుకున్నా ఎముకల కోసం, గుండె కోసం హార్మోన్ల సంగతి చూసుకోవాలి.

ఇది విని భయపడిపోకండి, పెద్దమ్మ పడినట్టు. సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్ అండాలకు పెద్దగా హాని చేసే మందు కాదు. అక్కకు వచ్చిన రకం ల్యుకేమియాకు మామూలు వైద్యం చేయించుకున్న ఆడపిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక తల్లులవుతున్నారు. క్యాన్సర్ వైద్యం చేయించుకున్న తల్లులకు పుట్టే బిడ్డల్లో అవకరాలు ఎక్కువగా ఉండవని పెద్ద పెద్ద అధ్యయనాల్లో తేలింది. కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా లాంటి వంశపారంపర్యపు రకాల సంగతి వేరు, వాటికి ముందే జన్యు సలహా తీసుకోవాలి. ఇంకొకటి, డానోరుబిసిన్, డాక్సోరుబిసిన్ లాంటి మందులు వాడినవాళ్లు గర్భం దాల్చే ముందు గుండెకు ఎకో పరీక్ష చేయించుకోవాలి. అక్క చార్టులో డానోరుబిసిన్ ఉంది. పంతొమ్మిదేళ్లలో ఈ ముక్క మాకు చెప్పింది ఆ రోజు ఆ డాక్టరమ్మే.

మా విషయంలో నాకు మండిపోయేది ఇక్కడే. నిజంగా ఏ కష్టమూ లేకపోయి ఉండవచ్చు. చెప్పేవాళ్లు లేక, లేని కష్టానికి కూడా ఇల్లంతా భయపడింది. ఒకవేళ కష్టం ఉన్నా, పద్దెనిమిదేళ్లకే తెలిస్తే చేయడానికి పనులున్నాయి. అండాలు తీసి భద్రపరచుకోవచ్చు. ఎనిమిదేళ్లు ఊరికే జాడీ తరుగుతూ పోయింది.

సరే, వైద్యానికి ముందే ఏమీ చేయలేరా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. పెద్దమనిషి అయిన పిల్లకు అండాలు తీసి గడ్డకట్టించి దాచవచ్చు, కానీ దానికి పది పధ్నాలుగు రోజుల ఇంజెక్షన్లు కావాలి. ల్యుకేమియాలో అన్ని రోజులు ఆగడం చాలాసార్లు కుదరదు. రేడియేషన్ తగలకుండా అండాశయాలను ఆపరేషన్‌తో పక్కకు జరిపి కుట్టే పద్ధతి ఉంది. ఇంకా పెద్దమనిషి కాని చిన్నపిల్లలకైతే ఒకటే దారి, అండాశయంలో ముక్క తీసి భద్రపరచి, పెద్దయ్యాక తిరిగి అమర్చడం. ఇట్లా అమర్చిన కణజాలంతో మొదటి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. తొమ్మిదేళ్ల వయసులో ఇంగ్లండులోని లీడ్స్‌లో ముక్క తీయించుకున్న దుబాయ్ అమ్మాయికి 2016లో లండన్‌లో కొడుకు పుట్టాడు. ఆమెది క్యాన్సర్ కాదు, తలసీమియా, కానీ బోన్‌మ్యారో మార్పిడికి ఇచ్చే కీమో కీమోనే కదా. 2019లో అమెరికా సంతాన వైద్యుల సంఘం ఇది ఇక ప్రయోగం కాదని తేల్చింది. అయితే ల్యుకేమియా పిల్లలకు ఇందులో ఒక మెలిక ఉంది. తీసిన ముక్కలో క్యాన్సర్ కణాలు ఉండి, తిరిగి అమర్చినప్పుడు వాటితో పాటు జబ్బూ వెనక్కి వస్తుందేమో అనే భయం. కాబట్టి 2006లో అక్కకు ఇది చేసి ఉంటే బావుండేది అని నేను అనడం లేదు.

నేను అనేది చెప్పి ఉండాల్సింది అని. చేయలేకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు.

ఈ మాట పెద్దమ్మ దగ్గర అంటే ఒక పూట నాతో మాట్లాడలేదు. తర్వాత తనే అంది. "బిడ్డ బతికితే సాలు సామీ అని మొక్కుకుంటా ఉంటిమి. ఆ పొద్దు ఎవురన్నా వొచ్చి, మీ పాపకు రేపు పిల్లోళ్లు పుడ్తారో లేదో అని ఉంటే, ఆయప్పను తిట్టి పంపిచ్చి ఉందును." నిజమే. దీనికి నా దగ్గర తెలివైన జవాబు లేదు. ఏడేళ్ల పిల్ల సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉంటే మనవల గురించి ఎవరాలోచిస్తారు? డాక్టరు వైపు నుంచి చూసినా, బయట వందమంది వరసలో కూర్చున్నప్పుడు ప్రాణం ముందు, తక్కినవి తర్వాత. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ దగ్గర కిద్వాయ్ ఆసుపత్రి ఉంది కదా, 1973లో పెట్టింది. అక్క వైద్యం అక్కడ కాదు, కానీ ఒక పొద్దున ఆ గేటు ముందు పది నిమిషాలు నిలబడండి. అనంతపురం తెలుగు, చిత్తూరు తెలుగు, కడప తెలుగు అన్నీ వినిపిస్తాయి. చేతిలో సంచి, సంచిలో ఫైలు, కళ్లల్లో నిద్ర. వాళ్లను కూర్చోబెట్టి అండాశయాల పాఠం చెప్పే తీరిక ఏ డాక్టరుకు ఉంటుంది?

అందుకే ఆ పని డాక్టరు ఒక్కరి నెత్తిన పెట్టకూడదంటాను. మొదటి కీమోకు ముందు, రోగి భాష వచ్చిన ఒక నర్సో కౌన్సెలరో పావుగంట కూర్చుంటే చాలు. తల్లికి తిట్టాలనిపిస్తే తిట్టనీ. తిట్టినా ఆ మాట చెవిలో ఉంటుంది. రెండోసారి వైద్యం పూర్తయ్యాక. మూడోసారి, ఇది అన్నిటికంటే ముఖ్యం, ఆ పిల్లకే చెప్పాలి, పదహారు పద్దెనిమిదేళ్లప్పుడు, తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోబెట్టి. జబ్బు చేసినప్పుడు ఏడేళ్ల పిల్ల, ఆమె తరఫున పెద్దవాళ్లు సంతకం పెట్టారు. సంతకం పెట్టే వయసు వచ్చాక సమాచారం కూడా ఆమె చేతికి రావాలి కదా. ఫైలు ఇంకా పెద్దమ్మ బీరువాలోనే ఉంది.

ఇదేమీ జరగని పని కాదు. వైద్యం ముగిసిన పిల్లలను ఏళ్ల తరబడి చూడటానికి ముంబయి టాటా మెమోరియల్‌లో 1991లోనే విడిగా ఒక క్లినిక్ పెట్టారు. చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి పెద్దయినవాళ్లు కలిసి 2009లో అక్కడే ఇండియన్ క్యాన్సర్ సొసైటీ నీడలో ఉగమ్ అనే బృందంగా ఏర్పడ్డారు. ప్రపంచంలో ఏటా నాలుగు లక్షల మంది పిల్లలకు, కుర్రవాళ్లకు క్యాన్సర్ వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. డబ్బున్న దేశాల్లో నూటికి ఎనభై మందికి పైగా బతుకుతున్నారు, పేద దేశాలు చాలావాటిలో ముప్పై మంది కూడా బతకడం లేదు. 2030కల్లా అన్నిచోట్లా కనీసం అరవై మందినైనా బతికించాలని 2018లో లక్ష్యం పెట్టుకున్నారు. ఆ లక్ష్యం నెరవేరాలనే నా కోరిక. నెరవేరితే మన పక్క బెంచీల్లో అక్కలాంటివాళ్లు ఇంకా ఎక్కువమంది కూర్చుంటారు. ఇప్పుడే ఉండి ఉంటారు కూడా, చెప్పరు.

చట్టం సంగతీ కొంచెం. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం క్లినిక్కులు సేవలు అందించాల్సింది ఇరవై ఒకటి దాటి యాభై లోపున్న ఆడవాళ్లకు. క్యాన్సర్ ఇరవై ఒకటి నిండేదాకా ఆగి రాదు. అదే ఏడాది వచ్చిన సరోగసీ చట్టంలో ఒంటరి స్త్రీ అంటే ముప్పై అయిదు నుంచి నలభై అయిదేళ్ల మధ్య వితంతువో విడాకులు తీసుకున్న మనిషో. పెళ్లి కాని అక్క ఆ లెక్కలో లేనే లేదు. దత్తత దారి మాత్రం ఉంది, ఒంటరి స్త్రీ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా తెచ్చుకోవచ్చు. చట్టాలు రాసినవాళ్ల మనసులో ఆడమనిషి అంటే ముందు పెళ్లి, తర్వాత జబ్బు అన్న వరస ఉన్నట్టుంది.

మన డిపార్ట్‌మెంటుకు సంబంధించిన మాట ఒకటి. పిల్లలు లేని ఆడదానికి తెలుగులో గొడ్రాలు అని ఉంది, మా అజ్జి కన్నడలో బంజె అంటుంది. రెండు భాషల ఇంట్లో పెరిగితే తిట్లు కూడా రెండు సెట్లు వస్తాయి. అదే మగవాడిని పిల్లలు లేరని పిలవడానికి మా ఇంట్లో రెండు భాషల్లోనూ ఎవరికీ మాట తట్టలేదు, ఒక సాయంత్రమంతా వెతికాం. చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి బతికిన మనిషిని ఏమనాలో కూడా సరైన మాట లేదు. పేపర్లలో క్యాన్సర్ విజేత అని రాస్తారు. అక్కకు ఆ మాట నచ్చదు. "నేనేం గెలిచానే, ఏడేళ్లదాన్ని, సూది వేస్తే ఏడ్చాను అంతే. మరి ఆ వార్డులో పోయిన పిల్లలు ఓడిపోయారా?" అంది. పక్క మంచం పిల్ల పేరు తనకు ఇంకా గుర్తు.

ఇంకో అభ్యంతరం మా క్లాసులోనే వినిపించింది. ఈ వ్యాసం గురించి చెప్తే ఒకమ్మాయి, "ఆడదంటే పిల్లల్ని కనే యంత్రమేనా, మళ్లీ అదే చర్చా?" అంది. మంచి ప్రశ్నే. అక్కకు పిల్లలు కావాలో వద్దో నేను అడగలేదు, అడగను. వద్దు అనుకోవడానికి కూడా ముందు తనకు తెలిసి ఉండాలి. తెలియకుండా ఉన్నప్పుడు అది అక్క నిర్ణయం ఎట్లా అవుతుంది? అయితే ఒకటి ఒప్పుకోవాలి. అబ్బాయి వాళ్లమ్మను ఇన్నాళ్లూ నేను విలన్ని చేసి చెప్పుకున్నాను. ఆ ప్రశ్న ఆవిడ కాక ముందు మేం అడిగి ఉండాల్సింది, వేరేగా, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని.

డాక్టరమ్మ ఏఎంహెచ్ అనే రక్త పరీక్ష, ఒక స్కాను, గుండెకు ఎకో రాసిచ్చింది. జాడీలో ఎంతుందో ఏఎంహెచ్ ఒక అందాజు చెప్తుందట, పిల్లలు పుడతారా లేదా అని తీర్పు చెప్పదట. ఆ తేడా పెద్దమ్మకు నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. రిపోర్టులు పోయిన శుక్రవారం వచ్చాయి. అక్క ముందు తనొక్కతే పీజీ గదిలో కూర్చుని చదువుకుని, తర్వాత మాకు ఫోన్ చేసింది. ఆదివారం మా ఇంటికొచ్చి తెల్ల కాగితం తీసుకుని, తన చేత్తో తెలుగులో రాసింది. ఏ ఏడాది ఏ జబ్బు, ఏ మందులు ఎంతెంత, రేడియేషన్ ఉందా లేదా, ఏ పరీక్ష మళ్లీ ఎప్పుడు. సైక్లోఫాస్ఫమైడ్‌లో ఫ కింద ఏ వత్తు రావాలో మేమిద్దరం కాసేపు కొట్లాడాం. ఆ పేజీ ఫైల్లో మొదట పెట్టి, ఫైలు తన సంచిలో వేసుకుంది. పెద్దమ్మ ఏమీ అనలేదు, చీర అంచు మాత్రం విప్పి వెనక్కి తీసుకుంది.

రిపోర్టులో ఏముందో నన్ను అడగకండి. నాకు చూపించింది, మీకు చెప్పమనలేదు.